పురుగుల ఇంటికి దూరంగా మూడు దినాలు

మదనపల్లె నుంచి పుంగనూరు, పుంగనూరు నుంచి కుప్పం దాకా ఎవరినైనా అడిగి చూడండి, కట్టుకున్న భార్యకు నెలకు మూడు రోజులు సెలవిచ్చిన మొదటి మగవాణ్ణి నేనే. ఇప్పుడు మా కోడలి ఫోనులో తెల్లకోటు వేసుకున్న ఒకావిడ, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళు తమకంటూ కాస్త సమయం పెట్టుకోవాలి, మనసును కూడా చూసుకోవాలి అని చెబుతూ ఉంటే, ఇది నేను ముప్పై ఏళ్ళ కిందటే అమలు చేశానని మీసం దువ్వుతాను. కోడలు నవ్వదు. ఆ వీడియో చూసినప్పటి నుంచి, సాయంత్రం ఒక అరగంట తనదని, ఫోనులో ఆరింటికి అలారం పెట్టుకుంది. అది రోజూ మోగుతుంది. ఆమె పిండి అంటని చిటికెనవేలితో దాన్ని ఆపి, చపాతీలు ఒత్తుతూనే ఉంటుంది. తర్వాత ఉన్నట్టుండి పొయ్యి తగ్గించి, మేడ మీదికి పోయి, ఈ మదనపల్లె చలిలో కొంగుతో విసురుకుంటూ ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తుంది. ఆ నడక నాకు తెలుసు. ఒకప్పుడు మా ఇంట్లోనే చూశాను.

అప్పట్లో మేము పుంగనూరు దగ్గరి పల్లెలో పట్టుపురుగులు మేపేవాళ్ళం. మేపినవాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, పురుగుకు పండగ లేదు, పెళ్ళి లేదు, వేళకు ఆకు పడాలి. ఆకు కోయాలి, తరగాలి, తట్టలు శుభ్రం చేయాలి, మళ్ళీ కోయాలి. కుబుసం విడిచే ముందు పురుగు మేత మాని తల ఎత్తుకుని కదలకుండా ఉండిపోతుంది, మా వైపు దాన్ని జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగును కదిలించకూడదు, దాని మానాన దాన్ని వదిలేయాలి అని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. చాకిరీ అంతా ఆడవాళ్ళది. నేను పట్టుగూళ్ళు మూటకట్టుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయి, మంచి రైతునని పేరు తెచ్చుకుని వచ్చేవాణ్ణి.

ఆ చాకిరీకి ఒకే ఒక్క విరామం ఉండేది. నెలలో బయట చేరిన ఆడమనిషి పురుగుల ఇంట్లో అడుగు పెడితే పంట పోతుందని భయం. ఆ మూడు రోజులు ఆకు కోత నాది, తట్టలు మా అమ్మవి. మా ఆవిడ ముందు వసారాలో చాప పరుచుకుని, రేడియో పెట్టుకుని, చెనక్కాయలు ఒలుచుకుంటూ కాళ్ళు చాపుకునేది. ఆ ఆచారం మంచిదని నేను అనను, కొత్తలో అక్కడ కూర్చోవడానికి ఆమె సిగ్గుతో చచ్చిపోయేది. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ, ఆమెను ఎవరూ ఏ పనికీ పిలవని చోటు ఇంటి మొత్తానికి అదొక్కటే అయింది.

ఆమెకు నలభై ఆరో ఏడో వచ్చాక మనిషి మారింది. చలిలో పెరట్లో నిలబడి మొహాన నీళ్ళు కొట్టుకునేది, కూరలో ఉప్పు చాలదంటే ఏడ్చేది, కుప్పంలో పుట్టింటికి పోయి మరుసటి బస్సుకే తిరిగి వచ్చేది, ఎందుకు పోయిందో ఎందుకు వచ్చిందో తనకే తెలియనట్టు గడపలో నిలబడేది. నెల తిరగగానే వసారా చేరిన ఆ మూడు రోజులు మాత్రం నెమ్మదిగా ఉండేది. ఇట్లా రెండేళ్ళు గడిచాక నాకు దడ పుట్టి, గూళ్ళు వేసుకుపోయిన ఒక రోజు ఆమెనూ వెంటబెట్టుకుపోయి మదనపల్లెలో ఒక డాక్టరమ్మకు చూపించాను. ఆఖరుసారి బయట చేరింది ఎప్పుడని ఆవిడ అడిగింది. మా ఆవిడ ఒకసారి నన్ను చూసి, గోడను చూసి, రెండేళ్ళ కిందట అంది.

నాలుగు రోజుల కిందటే ఆమె బదులు ఆకు కోసి నడుము పట్టుకుని ఉన్నాను నేను. ఈ వయసులో ఒంటికి ఆవిర్లు, మనసుకు కుదురు లేకపోవడం మామూలేననీ, విశ్రాంతి కావాలనీ డాక్టరమ్మ ఏదేదో చెబుతూ ఉంటే ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఇక్కడి నుంచి నేను పది మందిలో చెప్పే కథ వేరు. నేను నవ్వి, భుజం తట్టి, పిచ్చిదానా, నీ మూడు రోజులు నీవే, అమ్మకు నేను చెప్పుకుంటాలే అన్నానని ఎన్ని పెళ్ళి పందిళ్ళలో చెప్పానో లెక్కలేదు. జరిగింది అది కాదు. మదనపల్లె బస్టాండులో జనం మధ్య ఆమె మీద విరుచుకుపడ్డాను. రెండేళ్ళు నా చేత అబద్ధానికి ఆకు కోయించినావే, ఇంటికి పోతానే అమ్మకు చెప్పేస్తా అన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"చెప్పుకోపో. ఆ మూడు దినాలు ఉండబట్టే కదా మిగిలిన దినాలు నీ ఇంట్లో ఉండాను. అవీ పెరుక్కుంటే యాడికి పోతానో నాకే తెలీదు."

పుంగనూరు దాకా ఆమె ఒక సీట్లో, నేను ఒక సీట్లో. కూర్చోలేకపోయాను, లేచి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. జ్వరంలో ఉన్న పురుగును కదిలించకూడదని ఊరందరికీ పాఠం చెప్పేవాణ్ణి, ఇంట్లో మనిషిని ఒక్క పూట తన మానాన వదిలింది ఏనాడని దారి పొడవునా అదే గుచ్చుకుంది. ఇంటికి చేరగానే డాక్టరమ్మ ఏమనిందిరా అని అమ్మ అడిగింది. పురుగుల ఇంటి వాకిట్లో మా ఆవిడ గంప పట్టుకుని నన్నే చూస్తూ ఉంది, భయపడుతోందనుకున్నాను. రక్తం తక్కువంట, టానిక్కు రాసిచ్చింది అన్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పాపం బాధపడుతోందనుకున్నాను. మరుసటి నెల మా ఆవిడ వసారాలో చాప పరిచింది. నేను నోరెత్తకుండా గంప అందుకున్నాను. నేను ఇచ్చిన సెలవు అంతే. ఊది ఊది దాన్ని అంత చేశాను.

ఇప్పుడు పురుగులు లేవు, ఆ వసారా లేదు. బయట కూర్చోమంటే కోడలు చెప్పు తీస్తుంది, తీయాలి కూడా. ఆ అంటు పోయింది, మంచిదే. దానితో పాటు ఆడమనిషిని ఎవరూ పిలవని చోటు కూడా పోయింది, దాని బదులు ఫోనులో ఒక అలారం వచ్చింది. చాపకు పంట పోతుందన్న భయమైనా కాపలా ఉండేది, అలారానికి ఎవరున్నారు? నిన్న అది మోగినప్పుడు నేనే పోయి కోడలి చేతిలో చపాతీ కర్ర లాక్కున్నాను. ఇరవై చేశాను. సరే, నాలుగు. ఆమె మేడ మీదికి పోయింది, నడవలేదు, కూర్చుంది.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. అమ్మ దగ్గర గుట్టు దాచిన చోటు రెండుసార్లు చదివాను. ఆమె కళ్ళజోడు తీసి నావైపు చూసింది.

"యాల ఈ అబద్ధాలన్నీ? మీ అమ్మకు మొదటి నెలే తెలుసు. 'పోయి కూర్చో మే, నాకు ఆగిపోయినాక నేనూ ఐదేండ్లు అట్లే కూర్చున్నా, మీ మామ పొయ్యేదాకా ఆయప్పకు తెలీదు' అనింది. ఆ ఇంట్లో తెలీకుండా ఉండింది నువ్వొక్కడివే."