వల పని తెలియని పెద్దింట్లమ్మ

పెద్దింట్లమ్మ పుట్టింది ఐ.పోలవరం వైపు. ఆమె తండ్రికి నలభై ఏళ్లకే చూపు పోయింది. చిరుగులు కుట్టడం చేతగాక, వలను పైతాడుకు కట్టే పని ఒక్కటి వేళ్ల కొలతతో చేసుకుంటూ, ఆ కొలతలే కూతురికి నేర్పాడు. చిరుగు పడితే ముడి వేయడం రేవులో ఎవరికైనా వచ్చు. వలను తాడుకు ఎంత వదులుగా కట్టాలన్నదే అసలు విద్య. బిగించి కడితే అది నీళ్లలో గోడలా నిలబడుతుంది, చేప దాన్ని తాకి వెనక్కి పోతుంది. మరీ వదులుగా కడితే చుట్ట చుట్టుకుంటుంది. పదహారో ఏట కాట్రేనికోన దాటాక వచ్చే చినరేవుపేటకు కోడలిగా వచ్చింది మొదలు, ముప్పై నాలుగేళ్లుగా ఆ ఊరి వలలన్నీ ఆమె అరుగు మీదే తాడెక్కుతున్నాయి.

వలల పని ఏడాది పొడవునా ఉండదు. రోజూ కూడు పెట్టేది ఊరి పక్క గోదావరి పాయ. ఆటుకు నీరు తీస్తున్న వేళ ఆమె అందులో దిగి, నడుముల్లోతున కూర్చుని, బురదలో చేతులు ఆడించి రొయ్యలు పట్టేది. ఆ పాయను మత్స్యకార సహకార సంఘం వేలంపాటలో తీసుకుంది. సభ్యుల కుటుంబాలు తప్ప ఇంకెవరూ దిగకూడదు. పెద్దింట్లమ్మ భర్త అప్పారావు సభ్యుడు. కిందటి మాఘమాసంలో కామెర్లతో పోయాడు. అతనితోపాటే సభ్యత్వమూ పోయింది. అది తన పేరున వస్తే పాయ ఉంటుంది, రాకపోతే లేదు. ఆమె దరఖాస్తు పెట్టుకుంది.

సంఘం అధ్యక్షుడు ధనరాజు వేట మానేసి పదిహేనేళ్లయింది. ఆయనకు రెండు బోట్లున్నాయి. వాటి మీద వేటకు వేరేవాళ్లు వెళ్తారు, ఆయన సమావేశాలకు వెళ్తాడు. అలాంటి ఒక సమావేశంలో మూడు రోజులు ఏసీలో కూర్చుని 'సమ్మిళితం' అనే మాట నేర్చుకుని వచ్చాడు. రావడంతోనే 'ఆర్థిక, సామాజిక సమ్మిళితం, మన సంఘం నినాదం' అని పెద్ద ఫ్లెక్సీ వేయించి ఆఫీసుకు కట్టాడు. ఆ మాటకు అర్థమేమిటని ఎవరూ అడగలేదు. ఫ్లెక్సీలో సగం ఆయన ముఖమే ఉంది కాబట్టి అర్థం తెలిసినట్టే ఉంది. ఆ సమ్మిళితంలో భాగంగా సర్వసభ్య సమావేశాల్లో మగవాళ్లకు కుర్చీలు వేసేవారు. ఆడవాళ్లకు వెనకాల చాప పరిచేవారు.

పాయ వైశాల్యాన్ని బట్టి ఇంతమందే సభ్యులుండాలని నిబంధన. అప్పారావు పోవడంతో ఏర్పడిన ఖాళీ ఒక్కటే. దానికి రెండో దరఖాస్తు ధనరాజు బావమరిది బంగారరాజుది. ఆయన రొయ్యల మేత వ్యాపారి. ఐస్ పెట్టెతో వచ్చే సబ్సిడీ ఆటో సభ్యులకే ఇస్తారని తెలిసిన రోజున తాను మత్స్యకారుడినని ఆయనకు గుర్తుకొచ్చింది.

కొత్తగా చేరేవారికి మూడు పరీక్షలు. వల విసరాలి, వల అల్లాలి, ఈదాలి. మే నెలాఖరున సర్వసభ్య సమావేశం నాడే ఆ పరీక్షలు పెట్టారు. పరిశీలకుడొకాయన అమలాపురం నుంచి వచ్చాడు. బంగారరాజు తెల్ల ప్యాంటు మడిచి, కొత్త విసురు వల భుజాన వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఫొటో తీశారు. విసరడం అయిపోయింది. నైలాన్ దారానికి ఒక ముడి వేశాడు. అల్లడమూ అయిపోయింది.

"ఈత వచ్చాండీ?" అని పరిశీలకుడు అడిగాడు.

"ఆయ్."

ఈత పరీక్ష గట్టు మీదే పూర్తయింది.

పెద్దింట్లమ్మ వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. నీరు పూర్తిగా తీసేసింది. పాయలో బురద తప్ప ఏమీ లేదు.

"విసరమ్మా," అన్నాడు పరిశీలకుడు.

"ఎక్కడికండీ? బురద మీద వల విసిరితే పీతలు కూడా నవ్వుతాయండి. రెండు గంటలాగండి సార్, పోటు వస్తుంది. అప్పుడు ఎన్నిసార్లంటే అన్నిసార్లు విసురుతాను."

పరిశీలకుడు వాచీ చూసుకున్నాడు. ధనరాజు ఇంట్లో కోడి పలావు దమ్ము మీద ఉంది. వల విసరనివారికి మిగతా పరీక్షలు అనవసరమని ధనరాజే తేల్చేశాడు. సంఘం కార్యదర్శి నాగేంద్ర మైకు అందుకుని తీర్మానం చదివాడు. "పెద్దింట్లమ్మగారికి వల పని తెలియదు గనక సభ్యత్వానికి అనర్హురాలు. అంగీకరించేవారు చేతులెత్తండి."

ఎత్తారు. ఒకడు తల గోక్కుంటున్నట్టు ఎత్తాడు, ఇంకొకడు కూల్‌డ్రింకు సీసాతోపాటు ఎత్తాడు. మొత్తం ముప్పై తొమ్మిది చేతులు. సామాజిక భాగస్వామ్యం అంత నిండుగా ఆ సంఘంలో మరెప్పుడూ కనిపించలేదు. ఆ చేతులన్నీ ఆమె కట్టిన వలలు లాగేవే.

మర్నాటి నుంచి పాయ గట్టున మనిషిని కాపలా పెట్టారు. పెద్దింట్లమ్మ గొడవ చేయలేదు. చుట్టాల దగ్గర ఎండుచేపలు తీసుకుని అమలాపురంలో అమ్ముకు వచ్చేది. అయితే సముద్రం మీద వేట నిషేధం జూన్ పద్నాలుగుతో ముగుస్తుంది. ఈలోపే వలలు తాడెక్కాలి. ఎప్పటిలాగే ఒక్కొక్కరూ తెచ్చి ఆమె అరుగు మీద పడేసి వెళ్లారు, ఏమీ జరగనట్టే. ఆమె వాటిని ఎవరి గుమ్మంలో వాళ్లకు తిరిగి పెట్టేసి వచ్చింది.

నాగేంద్ర పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏంటి పిన్నీ ఇది? నా వల కూడా పంపించేసేవు?"

"నువ్వే కదా బాబూ మైకులో చదివేవు, నాకు వల పని తెలీదని. తెలీని పని చేసి నీ వల పాడు చెయ్యమంటావా?"

"అది కాయితం మాట పిన్నీ..."

"మరి నన్ను పాయలో దిగనివ్వంది కాయితమే కదా?"

ధనరాజు తన వలలు మనిషి చేత పంపాడు. అవీ తిరిగొచ్చాక స్వయంగా వచ్చాడు. అప్పారావుకు తమ్ముడి వరస కాబట్టి అరుగు మీద చనువుగా కూర్చున్నాడు.

"ఏం వదినా, మాకూ ఇదేనా?"

"మీకు ఇబ్బందేముంది మరిదిగారూ! ఊళ్లో పరీక్ష పాసైనాయన మీ బావమరిదిగారొక్కరే. ఆయన్నే కట్టమనండి."

సమావేశాల్లో వెనక చాప మీద కూర్చునే పక్కింటి చిన్నమ్మలు ఈ మాట విని సాయంత్రంలోగా ఊరంతా చేరవేసింది. మగవాళ్లు పౌరుషపడి, సంఘం ఆఫీసు ముందు పందిరేసుకుని, తామే కట్టుకుంటామన్నారు. కొలతకు వేళ్లు కాదు, టేపు పట్టుకొచ్చారు. మూడు రోజులు కూర్చుని ఒక వల కట్టి పాయలో దించితే అది దిండు గలీబులా ఉబ్బి పైకి తేలింది. గెడ్డం నెరిసినవాళ్లు పదిమంది దాన్ని చూసి, తప్పు నీళ్లదని తీర్మానించారు. తీర్మానాలు చేయడం వాళ్లకు అలవాటే.

నిషేధం ముగియడానికి ఆరు రోజులుందనగా ధనరాజు బోట్ల మీద వెళ్లేవాళ్లు, వల లేని బోటెక్కం, వేరే ఊళ్లో బోటు చూసుకుంటాం అన్నారు. ఆ మర్నాడే అత్యవసర సమావేశం పెట్టారు. బంగారరాజు వ్యాపార బాధ్యతల వల్ల సభ్యత్వం వదులుకుంటున్నట్టు లేఖ పంపాడు.

"జరిగిందేదో జరిగింది వదినా," అన్నాడు ధనరాజు మైకులో. "మహిళా సాధికారత కింద నిన్ను చేర్చుకుంటున్నాం."

"దాని కింద వద్దండి. పోటు వేళకి పరీక్ష పెట్టండి."

"పరీక్షెందుకు, నీకు రాదా ఏంటి!"

ఆ మాట మైకులోనే అన్నాడు. అందరూ విన్నారు.

"అయితే రాదని రాసింది కొట్టెయ్యండి."

"మినిట్స్ బుక్కులో కొట్టివేతలు ఉండకూడదు వదినా. రూలు ఒప్పుకోదు."

"అబద్ధాలుండచ్చేంటండీ?" అంది చాప మీద నుంచి చిన్నమ్మలు. కుర్చీల్లో ఒకరిద్దరు నవ్వి, ధనరాజు చూశాడని ఆపుకున్నారు.

పెద్దింట్లమ్మ కూర్చోలేదు, వెళ్లలేదు. బల్ల ముందు అలాగే నిలబడింది. చివరికి ధనరాజు నాగేంద్ర జేబులోంచి పెన్ను లాక్కుని, ఆ వాక్యం మీద గీత గీసి, పక్కన సంతకం చేశాడు. ఆమె తన పేరు కొత్త పేజీలో రాయించుకుని, వేలిముద్ర వేసి, బయటికి నడిచింది. ఆ మధ్యాహ్నం పోటు దిగగానే పాయలో దిగింది. కాపలా మనిషి లేచి దారిచ్చాడు.

పత్రికలో వేయించడానికి ఫొటో కావాలని ధనరాజుకు ఆమె వెళ్లిపోయాక తోచింది. మనిషిని పంపితే, రొయ్యలు పడుతున్నాను, రానని చెప్పింది. మర్నాడు పత్రికలో 'మత్స్యకార మహిళకు అండగా సంఘం' అనే శీర్షిక కింద, ధనరాజు నవ్వుతూ సభ్యత్వ పత్రం అందిస్తున్న ఫొటో వచ్చింది. పట్టుచీర కట్టుకుని ఆ పత్రం అందుకుంటున్నది ఆయన భార్య రత్నమాల.