ఆరో పిల్ల వచ్చేదాకా

పొద్దుటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. డాక్టరు చదువు రెండో ఏడులో ఉన్న మా తమ్ముడి కూతురు సెలవులకని వచ్చి, ముందుగదిలో లాప్‌టాప్ పెట్టుకుని ఆన్‌లైన్‌లో జట్టు పరీక్ష రాస్తుంటే వెనక నిలబడి చూశాను. జట్టులో ఆరుగురు ఉండాలి, తెర మీద ఐదుగురే ఉన్నారు. ఇంకొకరు ఏరే అని అడిగితే తలైనా తిప్పకుండా, "ఏమో అత్తా, టైమైతే అదే బందైతది" అంది. అప్పుడు మొదలైంది నా తిరుగుడు.

మన కాలంలో ఇలాంటి చదువు లేదు కాబట్టి చెబుతున్నాను. పాఠం ముందే చదువుకుని, మొదట ఎవరి జవాబు వాళ్లు పెట్టి, తర్వాత అవే ప్రశ్నల మీద జట్టంతా కొట్లాడుకుని ఒకే జవాబు పెట్టాలి. కరోనా రోజుల్లో కాలేజీకి తాళం పడ్డాక ఇదంతా ఫోన్లలోకి వచ్చింది. నేనప్పుడు ఫిజియాలజీ చెప్పేదాన్ని; పిల్లల ముఖాలు కనబడక, గోడకు పాఠం చెప్పినట్టుండి, ఒకటే చిరాకు పడేదాన్ని.

ఒక జట్టులో మంథని అవతలి పల్లె పిల్ల ఉండేది. ఇంట్లో నెట్ సిగ్నల్ అందక చేనుగట్టు మీద నిలబడి రాసేది. అప్పటికే చాలా పరీక్షలకు గైర్హాజరు పడింది. ఇంకొక్కటి పడితే ఏడాది పోతుంది, ఏడాది పోతే చదువు మాన్పిస్తానని తండ్రి తెగేసి చెప్పాడు. అది జట్టందరికీ తెలుసు.

ఆ రోజు పరీక్ష మధ్యలో ఆ పిల్ల పేరు తెర మీంచి పోయింది. ఆమె లేకుండా జవాబు పంపితే ఆమెకు గైర్హాజరు. పంపకుండా టైమైపోతే ఆరుగురికీ సున్నా. జవాబు పంపాల్సిన జట్టు పెద్దేమో గోదావరిఖని కాలనీ పిల్ల, బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. ఎంతకీ పంపదే! నాకు ఒళ్లు మండి ఫోన్ చేసి, నీకేమన్నా పిచ్చా అని కేకలేశాను.

"ఎట్ల పంపాలె మేడమ్? మా బాపు గ్యాంగుల ఒక్కరు బాయిల ఉన్నా మిగిలినోళ్లు ఇంటికి పోరు. గామె రావాలె," అంది.

మా బాపుదీ బొగ్గుబాయే. షిఫ్టు అయిపోయినా, తన గ్యాంగులో ఎవరో ఇంకా పైకి రాలేదని బాయి దగ్గరే నిలబడిపోయేవాడు. ఇంట్లో అమ్మ వాకిట్లోకీ పొయ్యి దగ్గరికీ తిరిగి తిరిగి, చల్లారిన కూర మళ్లీ వెచ్చబెట్టి, ఆయన రాగానే "అందరి ఫికర్ నీకేనా?" అని విరుచుకుపడేది. ఆయన నవ్వుతూ కాళ్లు కడుక్కునేవాడు. చిన్నప్పుడు ఆ ఎదురుచూపులంటే నాకు పరమ అసహ్యం. ఎప్పుడెప్పుడు చదువుకుని ఆ కాలనీ దాటుతానా అని ఉండేది.

ఇక్కడ గడియారం పరుగెత్తుతోంది. ఆ ఐదుగురూ ఏం చేశారనుకున్నారు? ఒకరి తర్వాత ఒకరు ఆ పిల్ల తండ్రికి ఫోన్లు చేసి ప్రాణం తీశారట. చదువు మాన్పిస్తానన్న ఆ మనిషే చివరికి బండి తీసి, బిడ్డను వెనక కూర్చోబెట్టుకుని, నెట్ సిగ్నల్ అందే పెద్ద రోడ్డు దాకా తోలాడు. టైమ్ అయిపోవస్తుండగా ఆరో పేరు వెలిగింది. వాదించుకునే వ్యవధి లేక తోచింది పెట్టేశారు, సగం తప్పులే. నేను మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ పిల్ల ఇప్పుడు డాక్టరు.

ఇంతలో మా మేనకోడలి పరీక్ష అయిపోయింది. రాని పిల్ల పేరేమిటని అడిగితే, "తెల్వదత్తా, ఒక్కో పరీక్షకు ఒక్కో జట్టు, సిస్టమే కలుపుతది," అని లాప్‌టాప్ మూసి టిఫిన్‌కు లేచింది. దాని తప్పేముంది, చక్కగా నడిచే సిస్టమ్, ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. నేనే టీ చల్లారబెట్టుకుని, అచ్చం అమ్మలాగే వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాను. అమ్మకైనా ఎవరి కోసం చూస్తోందో తెలుసు.