రెండు సెన్సార్లకు ఒకే అంకె

ఎనభైల చివర నేను బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే పనిలో ఉండేవాణ్ణి. గుజ్జు నింపిన డబ్బాలను మనిషంత ఎత్తు ఇనప కుక్కర్లో పెట్టి, మూత బిగించి, ఆవిరితో ఉడికించేవాళ్లు. దాన్ని చూసుకునే ఆయన నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. మూత పక్కన లోపలి ఆవిరి ఒత్తిడి చూపే ఒక పాత ముల్లు మీటరు ఉండేది. ముల్లు సున్నాకు దిగేదాకా ఆయన మూతను ముట్టేవాడు కాదు.

ఆ సీజనులో ఎర్ర అంకెల డిస్‌ప్లే ఒకటి, రెండు ప్రెషర్ సెన్సార్లు కొత్తగా వచ్చాయి. ఒక సెన్సారు కుక్కరు పైన, ఒకటి అడుగున. రెండూ ఒకేలా చూపించలేదు, ఒత్తిడిలో అర పౌనో పౌనో తేడా. రెండు అంకెలు రాస్తే తనిఖీకి వచ్చేవాళ్లు ప్రశ్నలు వేస్తారని, రెండూ కలిపి ఒకటే చూపించమని మేనేజరు చెప్పాడు. అది ఎట్లా చేయాలో ఫ్యాక్టరీలో నాకొక్కడికే తెలుసు. డిస్‌ప్లే వెనక విప్పి, రెండో సెన్సారు వైర్లు కలిపి, లోపలి చిన్న స్విచ్‌లు మార్చి, సగటు వచ్చేట్టు పెట్టాను. ఆ రోజంతా గర్వంగా తిరిగాను.

మొదట పై సెన్సారు బిగించేటప్పుడు దానికి వేరే రంధ్రం లేకపోయింది. ముల్లు మీటరు విప్పి ఆ చోట పెట్టాను. అన్న వద్దన్నాడు. "ఈడే ఉండనీ అప్పా. నాకు అది అలవాటై ఉండాది" అన్నాడు. ఇక దాంతో పనిలేదని చెప్పి స్టోరులో పడేశాను.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు భోజనాల ముందు ఆయన ఆవిరి వదిలి, డిస్‌ప్లేలో సున్నా రాగానే మూత బోల్టులు విప్పాడు. మూత ఎగిరి, మరిగే నీళ్లు ఆయన ఛాతీ మీద, రెండు చేతుల మీద పడ్డాయి. నేను పరిగెత్తి వచ్చేసరికి గోనెసంచుల మీద కూర్చోబెట్టి ఉన్నారు.

"సున్నా సూసే తెరిచినా" అని అదే మాట చెప్తూ ఉన్నాడు.

ఆయన్ను జీపులో చిత్తూరు ఆసుపత్రికి పంపాక నేను వైర్లు చూశాను. అడుగు సెన్సారు వైరును నేనే ఆవిరి వదిలే గొట్టానికి ఆనించి లాగి ఉన్నాను. అది వేడికి కరిగి తెగిపోయింది. వైరు తెగితే ఆ డిస్‌ప్లే దాన్ని సున్నాగా తీసుకోదు, సున్నా కన్నా ఐదు పౌన్లు తక్కువగా లెక్కేస్తుంది. ఆయన మూత విప్పేటప్పటికి పై సెన్సారు దగ్గర నిజంగానే ఐదు పౌన్ల ఆవిరి ఉంది. రెండింటి సగటు సున్నా.

మేనేజరుకు అంతా చెప్పాను. ఆపరేటరు తొందరపడి తెరిచాడని పైవాళ్లకు కాగితం అప్పటికే వెళ్లిపోయిందని, ఇది బయటపడితే ముందు పోయేది నా ఉద్యోగమేనని అన్నాడు. రెండు నెలలు నోరు మూసుకున్నాను.

తర్వాత అన్న ఊరికి వెళ్లాను. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. భార్య ముద్దలు చేసి తినిపిస్తోంది. తప్పు నాదని, లోపల ఆవిరి ఉండగానే డిస్‌ప్లే సున్నా చూపించిందని చెప్పాను.

"నా మనసు కష్టపడకూడదని చెప్తాండావు" అన్నాడు ఆయన. "మిషను ఎందుకు అబద్ధం చెప్తాదబ్బా? నా కండ్లే సరిగా సూడలా."

బొగ్గుతో నేల మీద గీసి, సున్నాకు పైన ఐదు, సున్నాకు కింద ఐదు, కలిపితే సున్నా అని మళ్లీ చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. భార్యకు మాత్రం అర్థమైంది. నా వైపు ఒకసారి చూసి, అన్నం తట్ట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

ఆ ఫ్యాక్టరీలో ఇంకో సీజను చేసి రేణిగుంటకు మారిపోయాను. ఆయన చిత్తూరు వెళ్లి కండ్లద్దాలు చేయించుకున్నాడని తర్వాత విన్నాను. కండ్లకు ఏ దోషమూ లేదని డాక్టరు చెప్పినా వినలేదంట.