కెప్టెన్‌తో ‘జల్దీ’ అన్న రోజు

తుపాకుల మోత ఆగినప్పుడే నాకు భయం వేసింది. పొద్దున పదకొండున్నర. భోజనాల వేళ కాదు. కాల్పులు సాగుతున్నాయని ఎగరేసే ఎర్ర జెండా ఇంకా దించలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మేడ్చల్, శామీర్‌పేటల మధ్య రాళ్ల గుట్టల్లో మా శిబిరం, పక్కనే సిపాయిలు తుపాకీ గురి నేర్చుకునే మైదానం. మహిళా దళంలో నేను టెలిఫోన్ ఆపరేటర్ని. ఖాకీ చీర, చెవులకు హెడ్‌ఫోను, పక్కన కిటికీ. కాల్ కలపాలి, మధ్యలో మాట్లాడకూడదు. అది ఆర్డరు.

అక్కడ రోజంతా వినబడే మాట ‘జిల్డీ’. మన జల్దీనే తెల్ల సిపాయిలు అలా పలికేవారు. మా ఇంగ్లీషు సార్జెంటుకు అది పుట్టుకతో వచ్చిన మాటలా ఉండేది. టీ ఆలస్యమైతే జిల్డీ, లారీ కదలకపోతే జిల్డీ. మద్రాసు గుమాస్తాలు అతను లేనప్పుడు వెక్కిరింతకు వాడేవారు. పై అధికారితో మాత్రం ఎవరూ అనేవారు కాదు.

భోజనాలప్పుడు కాల్పులు ఆపితే మా ఊరివాళ్లు మైదానంలోకి వచ్చి గడ్డి కోసుకునేవారు. గుట్ట వెనక నుంచి జెండా కనబడదు. మోత ఆగితే వేళయిందనుకునేవారు. కిటికీలోంచి చూస్తే, గురిబోర్డుల వెనక గంపతో మా అత్తమ్మ, ఆమె వెంట నా కూతురు. వంగి ఏదో ఏరుకుంటున్న నా కొడుకు.

కాల్పులు నడిపించే కెప్టెన్ సికింద్రాబాదుతో ఫోనులో ఉన్నందుకే మోత ఆగింది. ఆయనకు వాళ్లు కనబడరు. “సరే, ఉంటాను” అంటున్నాడు. ఫోను పెట్టగానే మళ్లీ కాల్పులు మొదలవుతాయి.

లైనులోకి దూరాను. “కాల్చకండి. బోర్డుల వెనక పిల్లలున్నారు. జల్దీ, సర్, జల్దీ.”

“ఎవరూ కాల్చొద్దు” అని కెప్టెన్ కేక. ఒక సిపాయి వాళ్ల వైపు పరుగెత్తాడు.

సార్జెంటు నా వెనకే ఉన్నాడు. “ఆ మాట మేమంటాం, మేడమ్. మమ్మల్ని ఎవరూ అనరు” అన్నాడు. టీ కప్పు నా ముందు పెట్టి, “మధ్యలో మాట్లాడిందెవరని కెప్టెన్ అడిగితే, వేరే లైను కలిసిందంటాను” అన్నాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అత్తమ్మ గొణుగుతోంది. “గా సిపాయి మమ్ములను బర్లను తోలినట్టు తోలిండు. గడ్డంత ఆడ్నే ఇడ్సినం. ఇగ బర్రెకేం ఎయ్యాలె?” నెమ్మదిగా సంగతి చెప్పాను. ఆమె పిల్లలను ఒళ్లోకి లాక్కుంది.

ఇప్పటికీ ఎక్కడైనా చప్పుడు ఆగితే, వంగి ఉన్న ఆ చిన్న వీపే కనబడుతుంది. లేచి పిల్లలను చూసుకుంటాను.

అది జరిగిన మర్నాడు జడ వేస్తుంటే కూతురు అడిగింది. “దొరను జల్దీ అన్నవట. కోపం జెయ్యలేదా?”

కొడుకు కూడా నా వైపే చూస్తున్నాడు.

“మొగులు పట్టి వాన రాంగనే అవ్వ మిమ్ములను ‘జల్దీ రాండ్రి’ అని ఇంట్లకు ఎట్ల పిలుస్తది? గట్లనే అన్న, బిడ్డా. గట్లంటె ఎవ్వలకు కోపమొస్తది?”