రమ్ము ఫ్యాక్టరీలో ఎలీసమ్మ గారి ప్రార్థన

ఎలీసమ్మ గారు ప్రార్థన చెయ్యకుండా ఏ పనీ మొదలుపెట్టరు. అంతవరకూ అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. చిక్కేమిటంటే, పని మధ్యలో ఉన్నా, చివరికొచ్చినా, అసలు పనంటూ ఏమీ లేకపోయినా కూడా ఆవిడ ప్రార్థన చేస్తారు. "ప్రార్థన చేద్దాం" అని ఆవిడ నోటినుంచి వచ్చిందంటే నల్లపాడులో ఎవరి మాట వాళ్ళ నోట్లోనే ఆగిపోవాలి. తలలు వంచాలి, కళ్ళు మూసుకోవాలి, ఆమెన్ అనేదాకా తెరవకూడదు. ఆ ఆమెన్ ఎప్పుడొస్తుందో ఆవిడకైనా ముందుగా తెలుసా అని రెబ్కాకి ఎప్పుడూ అనుమానమే.

ఆవిడ మిషన్ స్కూల్లో కుట్టుపని టీచరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఏ ఇంట్లో దిండు గలీబు చూసినా ఆవిడ నేర్పిన కుట్టే కనిపిస్తుంది. రెబ్కా కూడా ఆవిడ దగ్గర వేళ్ళు పొడుచుకుని నేర్చుకున్నదే. ఇప్పుడు అదే స్కూల్లో టెంపరరీ టీచరు, చర్చి స్త్రీల సమాజానికి సెక్రటరీ. సెక్రటరీ అంటే ముఖ్యంగా ఎలీసమ్మ గారి ప్రార్థనకి ముందు గాడిపొయ్యి మంట తగ్గించవలసిన మనిషి. ఆ సంగతి తెలియని మొదటి ఏడాది రెండు విందుల పులిహోరకి వండిన అన్నం అడుగంటింది.

ఆవిడ ప్రార్థనకి మతభేదం లేదు. చెంచురామయ్య గారి మిరపతోట వాడిపోతున్న ఎండాకాలంలో మోటారు మొరాయించింది. దారినపోతున్న ఎలీసమ్మ గారు గట్టు దిగి, మోటారు మీద చెయ్యేసి మొదలుపెట్టారు. నామాలు దిద్దుకున్న చెంచురామయ్య గారు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డారు. ఆవిడ ఆమెన్ అనేసరికి మోటారు తిరిగింది. తరవాత ఎవరో అది మహిమేనా అని అడిగితే ఆయన, "టీచరమ్మ గారి ప్రార్థన కరెంటు వచ్చేదాకా సాగుతుందయ్యా. అందుకని ఎప్పుడూ ఫలిస్తుంది" అన్నారు.

బస్సు కండక్టరు పేరయ్యకీ ఆవిడంటే భయమే. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి ఆవిడ ప్రయాణంలో క్షేమం కోరుతుంటే, విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా నిలబడేవాడు. డ్రైవరు విసుక్కుంటే, "దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో ఎట్టా ఊదమంటావయ్యా?" అనేవాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. ఎనభై ఐదులో స్త్రీల సమాజం రమ్ము ఫ్యాక్టరీ చూడ్డానికి బయల్దేరేదాకా రెబ్కా కూడా నవ్వుతూనే ఉంది.

అమరావతి దాటాక కృష్ణ ఒడ్డున దొరల కాలం నాటి రమ్ము ఫ్యాక్టరీ ఒకటుంది. దానికి నూరేళ్ళు నిండాయని, ఏ సంఘంవాళ్ళొచ్చినా మనిషిని తోడిచ్చి అంతా తిప్పి చూపిస్తామని కంపెనీవాళ్ళు ప్రకటించారు. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు దేవకుమారి గారు. ఆవిడ మిషన్ స్కూలు కరస్పాండెంటు గారి భార్య కూడా. మద్యపాన నిషేధం ఆవిడ ప్రాణం. శత్రువు కొంపేదో కళ్ళారా చూసొస్తే ఇక్కడ మాట్లాడ్డానికి బలం వస్తుందని ఆవిడ సమావేశంలో ప్రతిపాదించారు. చేతులెత్తమనేలోగా ఎలీసమ్మ గారు ప్రార్థన అందుకున్నారు. ఆదాము దగ్గర మొదలుపెట్టి నోవహు ఓడ దగ్గరికి వచ్చేసరికి చీకటిపడి అందరూ ఇళ్ళకి పోవలసి వచ్చింది. ప్రయాణం మాట పై వారానికి వాయిదా పడింది. పై వారం దేవకుమారి గారు ముందు చేతులెత్తించి, తరవాత ప్రార్థన చేయించారు.

రెబ్కా కూడా చెయ్యెత్తింది. ఎత్తక ఏం చేస్తుంది? ఆమె భర్త జయరావు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తున్నాడు.

ఈ సంగతి చర్చిలో ఎవరికీ తెలియదు. జయరావు కృష్ణ ఒడ్డున ఏదో షుగర్ ఫ్యాక్టరీలో చేస్తున్నాడని, శనివారాలు ఇంటికొస్తాడని మాత్రమే తెలుసు. పత్తి మిల్లు మూతపడ్డాక ఏడాదిపాటు తిరిగి తిరిగి సంపాదించుకున్న ఉద్యోగం అది. సీసాలు నింపే హాల్లో సూపర్‌వైజరు. అతను తాగడు, సీసాలు నిండాయో లేదో చూస్తాడు. కానీ ఆ తేడా దేవకుమారి గారికి ఎవరు చెప్పగలరు? జూన్‌లో రెబ్కాని పర్మనెంటు చేస్తామని కరస్పాండెంటు గారు మాటిచ్చి ఉన్నారు. సారా కూడు తినే ఇంటి మనిషి పిల్లలకి పాఠాలేం చెబుతుందని ఆయన భార్య ఒక్కమాటంటే ఆ జూన్ ఇక రాదు.

ఆ రోజు సెలవు పెట్టమని రెబ్కా భర్త చేత బైబిలు మీద ఒట్టు వేయించుకుంది.

మిరపకాయలు కళ్ళాల్లో ఎర్రగా ఎండుతున్న రోజులు. బస్సు ఆ ఘాటులోంచి పోతుంటే సమాజం మొత్తం తుమ్మింది. ఎలీసమ్మ గారు తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ప్రయాణపు ప్రార్థన సాగించి, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమెన్ అన్నారు.

తిప్పి చూపించడానికి మాబు సాహెబ్ అనే పెద్దాయన వచ్చాడు. తెల్లటి గడ్డం, ఇస్త్రీ చేసిన కంపెనీ కోటు. చెరకు మడ్డి ఎక్కడ పులుస్తుందో, రాగి బట్టీలో ఆవిరెలా లేస్తుందో, దొరలు ఓడల మీద తెప్పించిన పీపాలెక్కడున్నాయో, అన్నీ తన ఇల్లు చూపిస్తున్నంత మురిపెంగా చెప్పుకుపోయాడు. దేవకుమారి గారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, అంత బాగా చెబుతున్నావు, నువ్వెంత తాగుతావని నిలదీశారు.

"నేను నమాజు చేసుకునేవాణ్ణమ్మా. చుక్క ఎరగను."

"మరి బాగుంటుందని ఎలా చెబుతున్నావు?"

"తాగినవాళ్ళు మళ్ళీ వస్తున్నారు కదమ్మా" అన్నాడు మాబు సాహెబ్.

పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచిన సరుకు కొంత ఆవిరై పోతుందని, దాన్ని దొరలు దేవదూతల వాటా అనేవారని కూడా ఆయన చెప్పాడు. దేవకుమారి గారు ఆ మాట వెనక్కి తీసుకోమన్నారు. మాట దొరలది కాబట్టి తను వెనక్కి తీసుకోలేనని ఆయన నమ్రతగా మనవి చేశాడు. గొడవ ముదిరేలోగా ఎలీసమ్మ గారు దేవదూతల తరఫున ఒక ప్రార్థన చేశారు. ఆవిడ లెక్కన అది చిన్నదే.

సీసాలు నింపే హాలు దగ్గరికి వచ్చేసరికి రెబ్కాకి కొంచెం ఊపిరాడింది. హాలు ఖాళీగా ఉంది, యంత్రం ఆగి ఉంది. ఇంకో గది చూసి, టీ తాగి వెళ్ళిపోవడమే.

అప్పుడు ఎదురుగా తలుపు తెరుచుకుంది. నెత్తిన కంపెనీ టోపీతో, సీసాల పెట్టెలు పేర్చిన తోపుడుబండి నెట్టుకుంటూ జయరావు లోపలికొచ్చాడు. చెయ్యవలసిన మనిషికి జ్వరమొస్తే, సెలవులో ఉన్నవాణ్ణి గది నుంచి లాక్కొచ్చారని తరవాత తెలిసింది. అప్పటికి రెబ్కాకి తెలిసిందల్లా బైబిలు మీద ఒట్టు పనిచెయ్యలేదని. దేవకుమారి గారు యంత్రం మీద రాసిన ఇంగ్లీషు చదువుతున్నారు. బండి చక్రం కీచుమంది. ఆవిడ తల తిప్పబోయారు.

"ప్రార్థన చేద్దాం. తలలు వంచండి. కళ్ళు మూసుకోండి" అన్నారు ఎలీసమ్మ గారు.

అలవాటు ఎంత గొప్పదో రెబ్కా అప్పుడు చూసింది. సమాజం మొత్తం తల వంచింది. తిరగబోతున్న దేవకుమారి గారి తల సగంలోనే కిందికి వాలింది. మాబు సాహెబ్ చేతులు కట్టుకున్నాడు. రెబ్కా కూడా కళ్ళు మూసుకుని, ఈ ప్రార్థన లోకాంతం దాకా సాగేలా చూడమని తన సొంత ప్రార్థన ఒకటి మొదలుపెట్టింది. ఎంతసేపటికీ బండి కదిలిన చప్పుడు లేదు. ఉండబట్టలేక ఒక కన్ను తెరిచింది.

ఎలీసమ్మ గారి కళ్ళు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. నోరు దేవుణ్ణి స్తుతిస్తోంది, ఒక చెయ్యి మాత్రం జయరావుని పొమ్మని ఊపుతోంది.

జయరావు కదలడంలేదు. భయంవల్ల కాదు. సండేస్కూల్లో బుద్ధిగా పెరిగిన కుర్రాడు, ప్రార్థన వినపడగానే టోపీ తీసి, తల వంచి, గట్టిగా కళ్ళు మూసుకుని హాలు నడిమధ్యన నిలబడిపోయాడు.

ఎలీసమ్మ గారు ఒక్క క్షణం తడుముకున్నారు. తరవాత గొంతు హెచ్చించారు.

"కృపగల తండ్రీ, కళ్ళు మూసుకుని నిలిచియున్న నీ దాసుని కళ్ళు తెరువజేయుము."

సమాజం "ఆమెన్" అంది. దాసుడు కూడా అన్నాడు.

"ప్రభువా, నీ దాసుని ముందు ఒక బండి యున్నది. ఆ బండిని వెనుకకు తిప్పుము. వచ్చిన తలుపు గుండానే అతని నడిపించుము. ఇప్పుడే నడిపించుము, ప్రభువా. నేను ఆమెన్ అనకముందే నడిపించుము. నా గొంతు ఎంతోసేపు నిలువదని నీవెరుగుదువు."

జయరావు ఒక కన్ను తెరిచాడు. ముందు ఎలీసమ్మ గారిని చూశాడు, తరవాత భార్యని, ఆ తరవాత దేవకుమారి గారి పాపిటని. ఆ పాపిట చూశాక అతనికి దారి బోధపడింది. బండి తిప్పాడు. చక్రం ప్రాణంపోతున్నట్టు అరిచింది. ఎలీసమ్మ గారు దానికి మించిన స్థాయిలో హల్లెలూయా అందుకున్నారు. తలుపు మూసుకున్నాక, గోడకి చేరబడి, చాలా చిన్న గొంతుతో ఆమెన్ అన్నారు.

దేవకుమారి గారు కళ్ళు తుడుచుకుంటూ, బండేమిటి, దాసుడెవరని అడిగారు.

"తాగుబోతమ్మా. సంసారమనే బండి" అన్నారు ఎలీసమ్మ గారు.

చాలా లోతైన మాటని దేవకుమారి గారు మెచ్చుకుని, వచ్చే సమావేశంలో అదే ప్రార్థన మళ్ళీ చేయాలన్నారు.

అందరూ టీకి కదిలారు. రెబ్కా వెనకబడి ఎలీసమ్మ గారి మోచెయ్యి పట్టుకుంది.

"టీచరుగారూ, మీకెప్పటినుంచి తెలుసు?"

"పోయిన ఈస్టరు నుంచీ. పాటల పుస్తకాలు పంచుతూ నీ మొగుడు నా పక్కనుంచి పోయాడు. మా నాన్న ఈ ఫ్యాక్టరీలో పీపాలకి ఇనప పట్టీలు కొట్టేవాడే. షుగర్ ఫ్యాక్టరీ వాసనకీ దీనికీ తేడా తెలియకుండానే పెరిగాననుకున్నావా?"

"మరి ఎవరితోనూ అనలేదేం?"

"ఏమని అనను? ఆ అబ్బాయి దగ్గిరికొస్తే మా నాన్న వచ్చినట్టుంటుంది. దాన్ని కూడా సమావేశంలో పెట్టమంటావా?" అని ఆవిడ చెయ్యి విడిపించుకుని, టీ చల్లారిపోతుందని ముందుకి నడిచారు.

రెబ్కా ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకుని ఏమేం చూడలేదో అని ఆలోచిస్తూ వెనకాలే నడిచింది.

టీతోపాటు కంపెనీవాళ్ళు నల్లటి కేకు పెట్టారు. ఎండుద్రాక్ష, జీడిపప్పు దట్టంగా వేసి, ముట్టుకుంటే జిగటగా ఉంది. రెబ్కా దాన్ని చూడగానే గుర్తుపట్టింది. క్రిస్మస్‌కి జయరావు తెచ్చాడు. తిన్నాక అందులో ఏముందో చెప్పాడు. ఆమె పుక్కిలించి ఉమ్మి, రాత్రంతా పశ్చాత్తాపపడి, మర్నాడు మిగిలిన ముక్క కూడా తినేసింది. ఇప్పుడు ఆమె హెచ్చరించేలోగా మద్యపాన వ్యతిరేక సమాజం యావత్తూ నోరు ఆడిస్తోంది. దేవకుమారి గారు రెండో ముక్కలో ఉన్నారు. ఎలీసమ్మ గారు మూలన కూచుని, ఎవరితోనూ మాట్లాడకుండా, కొంచెం కొంచెం తుంచుకుని, నమలకుండా చప్పరిస్తున్నారు.

"ఈ ద్రాక్షలు ఇంత మెత్తగా ఎలా వచ్చాయి సాహెబ్?" అని అడిగారు దేవకుమారి గారు.

మాబు సాహెబ్ ముఖం వెలిగింది. పొద్దుటినుంచి ఎవరూ ఆయన్ని ప్రేమగా ఒక్క ప్రశ్న అడగలేదు.

"అదే చెప్పబోతున్నానమ్మా. మా దగ్గర ఈ ద్రాక్షల్ని ఆర్నెల్ల ముందే..."

"ప్రార్థన చేద్దాం" అంది రెబ్కా. "కళ్ళు మూసుకోండి."

ఆమె ఎప్పుడూ పైకి ప్రార్థన చేసిన మనిషి కాదు. అయినా తలలు వంగాయి. మాబు సాహెబ్ నోట్లో మాట నోట్లో ఉంచుకుని చేతులు కట్టుకున్నాడు.

"పరలోకపు తండ్రీ, ఈ కేకును నీవెరుగుదువు. మేమెరుగము. ఎరుగకపోయినందుకు నీకు స్తోత్రము. దీన్ని చేసిన చేతులను దీవించుము. ద్రాక్షలను దీవించుము..."

అక్కడికి సరుకు అయిపోయింది. బయట బస్సు డ్రైవరు ఇంకా హారన్ కొట్టలేదు. ఏం చెయ్యాలో తోచక ఒక కన్ను తెరిచింది.

మూలన ఎలీసమ్మ గారి కళ్ళు రెండూ తెరిచే ఉన్నాయి. ఒక చెయ్యి నెమ్మదిగా దేవకుమారి గారి పక్కనుంచి పళ్ళెంలోని ఆఖరి ముక్క కోసం సాగుతోంది. రెండో చెయ్యి గాలిలో గుండ్రంగా తిరుగుతూ, ఇంకా కానివ్వు, ఇంకా కానివ్వు అంటోంది.

రెబ్కా గట్టిగా కళ్ళు మూసుకుని ప్రపంచ శాంతి కోసం ప్రార్థించడం మొదలుపెట్టింది.