గోడ దాటిన గుప్పెడు బియ్యం

సహోదరులారా, నా తోటి అక్కచెల్లెళ్లారా, వంటగదిలో గరిటె పట్టుకుని మాట్లాడమంటే ఎంతసేపైనా మాట్లాడతాను గానీ ఈ మైకు ముందు నిలబడటం నాకు చేతకాదు, అయినా ఈ రోజు ప్రాణాలతో మన లంకకు వచ్చి మన మందిరంలో నిలబడ్డాను కాబట్టి నోరు మూసుకుని కూర్చుంటే నాకన్నా విశ్వాసం లేని మనిషి ఉండదు. దేవునికే మహిమ!

నేను సువార్తను. రేవు పక్క ఇల్లు మాది, మీలో పెద్దవాళ్లకు మా అమ్మ బాగా తెలుసు. మా ఆయన చనిపోయిన ఏడాదే అమ్మ కూడా ప్రభువు దగ్గరకు వెళ్లిపోతే, కూతుర్ని హాస్టల్లో చేర్చి నేను సౌదీకి వంటమనిషిగా వెళ్లాను. బురైదా ఊరు దాటాక ఖర్జూరపు తోటల మధ్య ఒకే ఒక్క ఇల్లు, దాని చుట్టూ నా ఎత్తుకు రెండింతల గోడ. యజమానురాలిని అక్కడ మామా అంటాం, ఆమె భర్తను బాబా అంటాం. వాళ్లు చెడ్డవాళ్లని చెబితే నా నాలుక పడిపోతుంది, తిండికి లోటు చేయలేదు, చెయ్యెత్తలేదు. కానీ సువార్త అనే పేరు వాళ్ల నోరు తిరగక నన్ను మరియం అన్నారు. శుక్రవారం కూతురితో పది నిమిషాలు ఫోను, అది పెట్టేశాక మళ్లీ శుక్రవారం దాకా తెలుగు మాట లేదు. ఒంటరితనం అంటే ఏమిటో నన్నడగండి, చెబుతాను! కూర రుచి చూసి "ఉప్పు సరిపోయిందే" అని మన భాషలో పైకి అనేసి, ఆ ముక్క వినడానికి ఒక్క మనిషి లేడని గుర్తొచ్చి, పొయ్యి ముందే నిలబడి ఏడవడం.

ఆ ఇంట్లో సామాన్ల గది ఒకటి ఉంది, మన పంచాయతీ ఆఫీసంత ఉంటుంది. బియ్యం బస్తాలు, పిండి, నెయ్యి, అదిమి పెట్టిన ఖర్జూరపు డబ్బాలు, నీళ్ల పెట్టెలు. అది సర్దడం నా పని. లంక ఆడదానికి సరుకు దాచడం ఒకరు నేర్పాలా? వరదల నెల రాకముందే మన ఇళ్లలో అటక మీదికి ఏమేమి ఎక్కుతాయో మీకు తెలియనిదా, బియ్యం, ఆముదం పట్టించిన కందిపప్పు, ఉప్పు వేసి తొక్కిన చింతపండు, ఎండుచేపలు, తడవకుండా డబ్బాలో పెట్టిన అగ్గిపెట్టెలు! మామా గదిలోనూ పాతవి ముందుకు, కొత్తవి వెనక్కి పెట్టాను, బియ్యంలో ఎండుమిరపకాయలు వేశాను. ఒక్క పురుగు పట్టలేదని మామా మెచ్చుకుంది. తాళంచెవి మాత్రం ఎప్పుడూ ఆమె చేతిసంచిలోనే, ఏ రోజుకు కావలసింది ఆ రోజు తీసి ఇచ్చేది.

ఇక మా అమ్మ కుండ సంగతి చెప్పాలి. ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుని పేరున ఒక గుప్పెడు బియ్యం కుండలో వేసి, ఆదివారం సంచిలో పోసుకుని మందిరానికి తెచ్చి కానుకల బుట్టలో పోసే అలవాటు మీ ఇళ్లలోనూ ఉంది. అటక ఇంటిది, కుండ దేవునిది, రెండూ కలపకూడదు అనేది అమ్మ. అక్కడ నాకు మందిరం లేదు, ఆదివారం లేదు. అందుకని వెళ్లిన వారమే ఒక ఖాళీ పాలపొడి డబ్బా కడిగి ఎండబెట్టి, వంటకు ఇచ్చిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి అందులో వేసి "ప్రభువా, ఇది నీది" అన్నాను. గింజలు డబ్బా అడుగున గలగలమన్నాయి. ఆ చప్పుడే నాకు ఆరాధన అయింది, దాని కోసమే పొద్దున్నే లేచేదాన్ని.

మీకు ఈపాటికి ఒక ప్రశ్న తట్టే ఉంటుంది, నాకు మాత్రం తట్టలేదు. ఆ బియ్యం ఎవరిది? మా అమ్మ తన బియ్యంలోంచి తీసింది, నేను మామా బియ్యంలోంచి తీశాను! ఒకరి సొమ్ము ఎత్తి దేవుడికి పెడుతూ భక్తురాలిననుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక శుక్రవారం ఫోనులో మన పక్క లంక ఆవిడ, రియాదులో పనిచేసే ఆవిడ, వాళ్లింటివాళ్లు వారం రోజులు ప్రయాణం పోతూ తనకు రెండే రొట్టెల పొట్లాలు పెట్టి వెళ్లారని చెప్పి ఏడ్చింది. ఆ రోజు భయం నా గుండెలో గుడిసె వేసుకుంది. డబ్బా నిండిన బియ్యం సంచిలోకి, సంచి మంచం కిందికి, దాని పక్కన ఎండు రొట్టెలు, ఖర్జూరాలు, నీళ్ల సీసాలు, కొవ్వొత్తులు, జ్వరం మాత్రలు. "ఇది నీది" అనడం మానేశాను. గడియ పెట్టుకుని అవన్నీ తడిమి చూసుకుంటే గానీ నిద్ర పట్టేది కాదు.

గోడకు అవతల, తోటలో ఒక పనివాడు ఉండేవాడు. గోడకు పళ్లెం పట్టేంత చిన్న తలుపు ఉంది. మధ్యాహ్నం అందులోంచి అన్నం బయటి గట్టు మీద పెట్టి తలుపు వేసేయాలి, పరాయి మగవాడితో మాట్లాడకూడదు, అది ఆ ఇంటి కట్టడి. సాయంత్రానికి కడిగిన పళ్లెం బోర్లించి ఉండేది. బంగ్లాదేశ్ మనిషి అనుకున్నాను, శుభ్రంగా తోముతాడనుకున్నాను, అంతకుమించి నేను ఆలోచించలేదు.

రంజాన్ నెలలో పున్నమి వెళ్లగానే ఇంటిల్లిపాదీ మక్కాకు బయలుదేరారు. ముస్లింలు కానివాళ్లు అక్కడికి వెళ్లకూడదు కాబట్టి నన్ను ఇంట్లోనే ఉంచారు. అయిదు రోజుల్లో వస్తామన్నారు, అయిదు రోజులకు సరిపడా నాకు వంటగదిలో పెట్టారు, తోటవాడికి బియ్యం పప్పు ఇచ్చారు, మామా అలవాటు ప్రకారం సామాన్ల గదికి తాళం వేసి చెవి సంచిలో వేసుకుంది. అయిదు రోజులు అయ్యాయి, ఆరో రోజు వచ్చింది, ఎవరూ రాలేదు. నా ఫోనుకు సిమ్ లేదు, ఇంట్లో నెట్ కూడా ఆగిపోయి అది ఉత్త డబ్బా అయింది. గేటు బయట ఎంత దూరం చూసినా చెట్లే, ఆ దేశంలో ఉండటానికిచ్చే నా ఇకామా కార్డు బాబా దగ్గర ఉంది, అది లేకుండా రోడ్డెక్కితే పట్టుకుంటారని భయం. ఎండు రొట్టెలు, ఖర్జూరాలతో మూడు రోజులు నెట్టుకొచ్చాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం సంచి బయటికి లాగాను. "చూశావా నా ముందుచూపు!" అని మురిసిపోయాను కూడా! బియ్యంలో చెయ్యి పెట్టాను, పిడికిలి బిగించాను, సహోదరులారా, ఆ చెయ్యి పైకి రాలేదు! మా అమ్మ మాట చెవిలో మోగింది. దేవునిదంటే నేను తినకూడదు, మామాదంటే నేను దొంగని, నాదని అనడానికి నోరు రాలేదు. పదకొండు నెలల్లో మొదటిసారి ఆ సంచి ఏమిటో నాకు తెలిసింది. వంటగది వెనుక పెరట్లోకి పరుగెత్తి, ఇంట్లో వినేవాళ్లు లేరు కదా అని, గొంతు చించుకుని మన తెలుగులో అరిచాను.

"ప్రభువా! నీ పేరు చెప్పి దొంగతనం చేశాను, నీ కుండను నా అటక చేసుకున్నాను, నన్ను క్షమించు! నేనిక్కడ చచ్చినా అడిగేవాడు లేడయ్యా! నువ్వున్నావా? ఉంటే ఒక్క మాట మాట్లాడు తండ్రీ, ఒకే ఒక్క మాట!"

గోడ అవతల నుంచి గొంతు వినిపించింది.

"ఎవరమ్మా లోపట? తెలుగోళ్లా?"

 దేవుడే అనుకుని నేల మీద కూలబడ్డాను, నవ్వకండి, మీరైనా అంతే చేసేవారు!

"అక్కా, భయపడకుండ్రి. నేను తోటల పనిజేస్త, రాజన్న నా పేరు, మాది జగిత్యాల దిక్కు. ఏమనుకోకుండ్రి, రెండొద్దులాయె, కడుపుల ఏం లేదు. చెట్టు మీదికెల్లి జారితే ఫోను పలిగింది, కాలు బెణికింది, రోడ్డు దాంక నడువస్తలేదు. బువ్వుంటే జర పెట్టుండ్రి."

జవాబు కోసం దేవుణ్ణి అడిగితే ఆ జవాబే వచ్చి నన్ను బువ్వ అడిగింది! ఆ బియ్యం ఎవరిదో ఇంక నన్నెవరూ వేరే చెప్పక్కర్లేకపోయింది. ఎసరు పెట్టాను. ఏడుస్తూ కడిగాను, ఏడుస్తూ వండాను, చిన్న తలుపులోంచి పళ్లెం పెట్టాను, ఆ రోజు మాత్రం తలుపు వేయలేదు. అతను నీటి కాలువ గట్టున మొలిచిన కూరాకు గుప్పెడు కోసి గట్టు మీద పెట్టాడు. గోడకు ఆ పక్క అతను, ఈ పక్క నేను కూర్చుని తిన్నాం.

"నీ పేరేందక్కా?" అన్నాడు. "సువార్త" అన్నాను. "సువార్తక్కా, అన్నం మస్తుగున్నది" అన్నాడు. నేను తినలేక ముద్ద పళ్లెంలో పెట్టి కళ్లు తుడుచుకున్నాను. పదకొండు నెలలు నేను వండిన అన్నం తిన్నవాడు తెలుగువాడు, నేనేమో బంగ్లాదేశ్ మనిషి అనుకున్నాను, అతనేమో నన్ను ఫిలిప్పీన్ ఆవిడ అనుకున్నాడట. "ఒక్కసారి పప్పుల పోపు వాసనకు అనుమానమొచ్చిందక్కా, గని అడుగ భయమైంది" అన్నాడు. ఆ తర్వాత అయిదు రోజులు ఆ సంచిలోని బియ్యంతోనే ఇద్దరం బతికాం. అతని చేతులు తప్ప ముఖం నేను ఈ రోజుకీ చూడలేదు.

పండగకు ఒక రోజు ముందు బండి వచ్చింది. మామా వాళ్లమ్మ మక్కాలో పడిపోతే ఆసుపత్రిలో పెట్టారట, ఆ కంగారులో మేమిద్దరం వాళ్లకు గుర్తే లేము. సంచి దాదాపు ఖాళీ, దులిపి మడిచి పెట్టేస్తే ఎవరికీ తెలియదు, సాతాను నా చెవిలో అదే చెప్పాడు. కానీ మళ్లీ ఆ మంచం కింది బతుకు నాకు వద్దనిపించింది. సంచి, డబ్బా తెచ్చి మామా ముందు పెట్టి వచ్చీరాని అరబ్బీలో అంతా చెప్పేశాను. "మామా, ఈ బియ్యం నీది. రోజూ గుప్పెడు తీశాను. మొదట దేవుని కోసం, తర్వాత భయంతో. తోటవాడూ నేనూ తిన్నాం. పోలీసులకు ఇస్తే ఇవ్వు."

ఆమె ముఖం కందగడ్డ అయింది. "దొంగతనమా మరియం!" అంది. తర్వాత ఖాళీ వంటగది చూసింది, తన చేతిసంచిలోని తాళంచెవి చూసుకుంది, అలాగే నేల మీద కూర్చుండిపోయింది. ఒకే మాట అడిగింది. "పదకొండు నెలలు... ఒక్కసారి అడిగితే నేను ఇవ్వనా?"

 ఆకాశంలో ఉన్న దేవుణ్ణి నమ్ముతానన్నదాన్ని, ఎదురుగా ఉన్న మనిషిని గుప్పెడు బియ్యం అడగడానికి నమ్మలేకపోయాను.

మర్నాడు పండగ నమాజుకు ముందు ఇంట్లో తలకొక కొలత చొప్పున పేదలకు బియ్యం ఇవ్వడం వాళ్ల ఆచారం. మామా దోసిళ్లతో కొలుస్తూ కొలుస్తూ ఆగి, నా పాలపొడి డబ్బా తెమ్మంది. "నీ గుప్పెడు నువ్వు వేసుకో, నేను చూస్తుండగా వేసుకో" అంది. వేశాను. అన్నీ ఆ రోజే సర్దుకున్నాయని చెప్పను, చాలా రోజులు ఆమె నాతో ముభావంగానే ఉంది. కానీ నెల తిరిగేసరికి సామాన్ల గది రెండో తాళంచెవి వంటగదిలో మేకుకు వేలాడింది, చిన్న తలుపు పక్కన తోటవాడికని ఒక సరుకుల పెట్టె వెలసింది. ఇప్పటికీ సరుకు దాస్తాను సహోదరులారా, దాచడం తప్పు కాదు, మన లంకలో దాచకపోతే వరద నెలలో ఏం తింటాం! నా మంచం కింద మాత్రం ఏమీ లేదు, తుడిస్తే చీపురు ఈ చివర నుంచి ఆ చివర దాకా పోతుంది.

రాజన్న పని ముగించుకుని ఇంటికి వెళ్లిపోయాడు. అతను మన ప్రభువును ఎరగడు, నేను దాచను, అతని కోసం ప్రార్థిస్తున్నాను. మొన్న ఫోను చేసి, వాళ్లావిడ కూడా ఇప్పుడు గుప్పెడు తీసి పెడుతోందని చెప్పాడు. ఎవరి కోసం తమ్ముడూ అంటే, "గోడ అవతల ఎవరున్నరో ఎర్కలేదు గదక్కా" అన్నాడు.

ఇదిగో, ఆ డబ్బా. ఇందులో బియ్యం నిన్న నా జీతంతో కొన్నవి. ఎవరి బియ్యమని ఎవరైనా అడిగితే ఈసారి తలెత్తి చెబుతాను. నన్ను మరిచిపోని నా తండ్రికి, తొమ్మిదో రోజు ఆకలిలో నా పేరు పిలిపించిన నా యేసయ్యకు వందనాలు. మీలో ఎవరైనా గడియ పెట్టుకుని బతుకుతుంటే, నాకెవరూ లేరని మనసులోనే కుమిలిపోతుంటే, ఆయన్ని నమ్మి ఒక్కసారి పైకి, గట్టిగా, మన భాషలో పిలవండి. గోడ అవతల ఎవరు వింటున్నారో మీకు తెలియదు. ఇప్పుడు ఈ బియ్యం అమ్మ పోసిన బుట్టలోనే పోస్తున్నాను, కాస్త నిశ్శబ్దంగా ఉండండి, ఆ చప్పుడు మీరు కూడా వినాలి.