ముహూర్తం రోజు మా గుర్రం

మా తెల్ల గుర్రం శనగపప్పు తిని చచ్చిపోయింది. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

అప్పట్లో మేం రహమత్ నగర్‌లో రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన పెళ్లి ఊరేగింపులకీ సినిమా షూటింగులకీ గుర్రాన్ని కిరాయికి తిప్పేవాడు. ఉన్నది ఆ ఒక్కటే. ఆడది, నెమ్మదైంది, బ్యాండుకీ టపాసులకీ బెదిరేది కాదు. పిల్లలు లేని ఇల్లు కదా, దాన్ని నేను ‘బిడ్డా’ అనే పిలిచేదాన్ని.

ఎనభైల చివర్లో ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా ముహూర్తానికి దాన్ని అడిగారు. నేనూ వెంట వెళ్లాను. పెళ్లికొడుకు గుర్రమెక్కుతాడు, అతని చెల్లెలు గుర్రానికి శనగపప్పు తినిపిస్తుంది, అదీ మొదటి షాట్. మార్వాడీ పెళ్లిళ్లలో ఉంది ఆ ఆనవాయితీ. వాళ్లు చిటికెడు పెట్టి ఊరుకుంటారు. చిటికెడు పెడితే కెమెరాకి ఆనదని వీళ్లు స్టీలు బేసిన్ నిండా తెచ్చారు. పొద్దున్నే గబగబా నీళ్లలో వేసినట్టున్నారు, సగమే నానింది. మిగతా సగం గుర్రం కడుపులో నాని ఉబ్బుతుందని అక్కడ ఎవరికి తోస్తుంది?

కొబ్బరికాయ కొట్టారు. చెల్లెలి వేషం వేసిన అమ్మాయి దోసిలి పట్టింది. గుర్రం తలాడించుకుంటూ తినేసరికి నుదుటి మీది మల్లెదండ జారి ఒక కన్ను మూసేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత కెమెరా అతను దండ జారిందన్నాడు. సర్ది, సేఫ్టీకి ఇంకోటి తీశారు. దగ్గర్నుంచి ఇంకోటి. అమ్మాయి సరిగ్గా నవ్వలేదని ఇంకోటి. ప్రతిసారీ దోసెడు పప్పు.

"ఇగ చాలు సారూ. గుర్రం పెద్దగ కనిపిస్తది గని దాని కడుపు చిన్నది," అన్నాడు మా ఆయన.

"ఒక్కసారి అండీ, ఇదే లాస్ట్," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

ఆ ఒక్కసారికి గుర్రం మొహం తిప్పేసుకుంది. యూనిట్ అంతా బిక్కచచ్చిపోయింది. ముహూర్తం రోజున గుర్రం తిండి వద్దంటే సినిమా ఆడదట. సెంటిమెంటు! నిర్మాత మొహం చూసి ఎవరో పప్పులో బెల్లం కలిపారు. తీపికి నా బిడ్డ లొంగిపోయింది. "అమ్మయ్య, తినేసిందండీ!" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

కృష్ణానగర్ దాటుతుండగానే అది మాటిమాటికీ వెనక్కి తిరిగి తన డొక్క చూసుకోవడం మొదలుపెట్టింది. ఇల్లు చేరాక ముందుకాలితో నేల గీకింది. ఒళ్లంతా చెమట. దొర్లితే పేగు మెలిపడుతుందని మా ఆయన పగ్గం పట్టి లేపుతూనే ఉన్నాడు. నేను కిరాణా కొట్టుకి పరిగెత్తి గుర్రాల డాక్టరుకి ఫోన్ చేశాను. ఊరికి ఆ చివర ఉన్నాడాయన, బయల్దేరుతున్నానన్నాడు. వాడకట్టులో ఒకరు వాము అన్నారు, ఒకరు ఇంగువ అన్నారు. మనిషైతే గొంతులో వేలు పెట్టుకుని కక్కి బతుకుతాడు. గుర్రానికి కక్కడం రాదు. దేవుడు దానికి మింగడమే నేర్పాడు. ఆ రోజు ఆ దేవుణ్ని కూడా తిట్టాను.

సందులో ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూనే ఉన్నాం. ఎండ తగ్గే వేళకి అది ఒక్కసారిగా నెమ్మదించింది. గీకడం లేదు, మూలగడం లేదు. తల వంచుకుని నిలబడింది. మా ఆయన మొహం వెలిగిపోయింది.

"తగ్గిందే! సూడు, మంచిగైంది!" అని దాని మెడ కావలించుకుని ఏడ్చాడు. నేనూ నమ్మాను.

అప్పుడే డాక్టరు స్కూటరు దిగాడు. పెదవి ఎత్తి చిగుళ్లు చూశాడు, నల్లబడి ఉన్నాయి. చెవులు ముట్టుకున్నాడు, చల్లబడి ఉన్నాయి.

"తగ్గలేదమ్మా. కడుపు పగిలిపోయింది. నొప్పి అందుకే ఆగింది," అన్నాడు.

సూదిమందుతో బాధ లేకుండా పంపించడం తప్ప తన చేతిలో ఏమీ లేదన్నాడు. మందు ఎక్కేదాకా మా ఆయన దాని మెడ వదల్లేదు. ఆ తర్వాత మళ్లీ గుర్రాన్ని కొననూ లేదు.

సినిమా వచ్చాక ఒక్కదాన్నే వెళ్లి చూశాను. తెర మీద నా బిడ్డ తలాడించుకుంటూ పప్పు తింది. మల్లెదండ జారి ఒక కన్ను మూసేసింది. వాళ్లకి పనికొచ్చింది ఆ మొదటి దోసెడే.